నంబరు కొట్టని దిమ్మలు

నంబరమ్మ ఇంటి కిటికీలకు ఊచలు లేవు. సాయంత్రం పని నుంచి రాగానే, చెప్పులైనా విప్పకుండా, రెండు కిటికీల చెక్క తలుపులూ మూసి అడ్డకర్ర పెడుతుంది. ఉక్కు మిల్లు ఉన్న ఊరది. మిల్లు కడ్డీలు బిగించని కిటికీ గాని, మిల్లు ఇనుముతో చెయ్యని గేటు గాని ఆ వీధుల్లో ఇంకోటి కనపడదు. వాటి మధ్య ఆ ఇల్లు పళ్ళూడిన నోరులా ఉంటుంది.

"దొంగల కోసం కాఫీ కూడా కాచి పెట్టు వదినా, పాపం అలిసిపోయి వస్తారు," అంటాడు మరిది.

"నా ఇంట్లోకి వచ్చిన దొంగ నా అవస్థ చూసి ఏదో ఒకటి పెట్టి పోవాల్సిందే," అంటుంది ఆమె.

అసలు కారణం ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆమెకు అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి గొంతు. కుడిచేతి గోళ్ళ చుట్టూ పట్టిన తెల్లరంగు ఎంత కిరసనాయిలు పెట్టి రుద్దినా పోదు. అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా అవసరపడలేదు. ఇనుము మీద నంబర్లు వెయ్యడం ఆమె పని. మిల్లు నడిచినంతకాలం కొత్త ఉక్కు మీద వేసింది. మిల్లు మూతపడి తుక్కు కింద అమ్ముడుపోయాక, గ్యాసు మంటతో కోసిన ముక్కల మీద వేస్తోంది.

"పుట్టినప్పుడూ నేనే నంబరు వేశాను, పోయేటప్పుడూ నేనే వేస్తున్నాను. మధ్యలో బతుకు మాత్రం ఇంకెవరో అనుభవించారు," అంటుంది, ఎవరైనా అడిగితే.

మిల్లు ముందా ఊరు ముందా అంటే ఆ ఊళ్ళో ఎవరైనా మిల్లే అంటారు. మొదట ఒక కొలిమి, దాని పక్కన కూలీల పాకలు. కొలిములు మూడయ్యాయి, పాకలు వీధులయ్యాయి. మిల్లు కూతకు ఊరు లేచేది, కూతకే తినేది. ఆరేసిన బట్టలమీద ఎర్రటి ధూళి పడుతుందని ఆడవాళ్ళు ఇంట్లోనే తాళ్ళు కట్టి ఆరేసుకునేవారు. చీకటి పడ్డాక ఆకాశం ఎర్రగా ఉండటం లోకమంతటా మామూలే అనుకునేవాళ్ళు అక్కడి పిల్లలు. పెళ్ళయి వేరే ఊరు వెళ్ళిన ఆడపిల్లలు మొదటి వారం నిద్ర పట్టక బాధపడేవారు. అక్కడ నిశ్శబ్దం ఎక్కువట.

ఆ మిల్లులో అన్నిటికన్నా గట్టి పద్ధతి నంబరు. కొలిమిలో కరిగిన ఉక్కును లాడిల్ అనే పెద్ద బకెట్టులోకి వంచేవారు. ఒక ఇంటి గదంత ఉంటుంది ఆ బకెట్టు. క్రేను దాన్ని మోసుకుపోయి వరుసగా నిలబెట్టిన అచ్చుల్లో పోస్తుంది. అచ్చులో గట్టిపడి వచ్చిన ఉక్కు దిమ్మ నిలువెత్తు మనిషంత ఉంటుంది. అది ఇంకా ఎర్రగా ఉండగానే, ఏ లాడిల్ తాలూకుదో ఆ నంబరును ఒకతను సుత్తితో తలమీద కొడతాడు. చల్లారాక నంబరమ్మ అదే నంబరును పక్కన తెల్లరంగుతో పెద్దగా వేస్తుంది, పైనున్న క్రేను డ్రైవరుకు కనిపించాలి కాబట్టి. నంబరు లేనిదాన్ని క్రేను ఎత్తదు. ఎప్పుడైనా పొరపాటున నంబరు పడని దిమ్మ ఒకటి మిగిలిపోతే, అది మళ్ళీ కొలిమిలో పడి కరిగేదాకా మేస్త్రి ఇంటికి పోయేవాడు కాదు. నంబరు కొట్టని దిమ్మ అంటూ మిల్లులో ఉండకూడదు.

ఆమె భర్త కొలిమి దగ్గర పని చేసేవాడు. ఎప్పుడూ ఈల వేస్తూ తిరిగే మనిషి. ఈల వినపడితే చాలు, కూర పొయ్యి మీంచి దించేది. ఒక మధ్యాహ్నం షిఫ్టులో లాడిల్ పక్కన మెట్టుమీద నిలబడి గడకర్రతో ఏదో సరిచేస్తూ జారాడు. ఆ లాడిల్‌ను పట్టుకుని ఉన్న క్రేను నడుపుతున్నది అతని సొంత తమ్ముడే, ఆమె మరిది. ఎప్పుడూ పైన కూర్చుంటాడని అతన్ని అందరూ 'ఆకాశం' అంటారు. పైనుంచి ఏం కనిపించిందో ఆకాశం ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

పెద్ద మేస్త్రి తన టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏ ఆసుపత్రి?" అని అడిగింది ఆమె.

"ఆసుపత్రి లేదమ్మా," అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. ఆసుపత్రి లేదు, శవం లేదు, కడగడానికి ఒళ్ళు లేదు, కప్పడానికి గుడ్డ అక్కర్లేదు.

లాడిల్‌లోని ఉక్కును పారబొయ్యరు. పన్నెండు దిమ్మలకు సరిపడా ఉంది. ఎప్పటిలాగే పోశారు. పెద్ద మేస్త్రి ఒకే ఒక్క మాట అన్నాడట: "చివరిదానికి నంబరు కొట్టొద్దు." సుత్తి మనిషి ఎందుకని అడగలేదు, సుత్తి పక్కన పెట్టాడు. అచ్చుల యార్డు వెనక, ప్రహరీ గోడ కింద గొయ్యి తవ్వి ఆ దిమ్మను దించారు. పైన గుర్తు పెట్టడానికి మేనేజరు ఒప్పుకోలేదు. గుర్తు అవసరమూ లేకపోయింది. మిల్లులో అందరికీ ఆ చోటు తెలుసు.

మర్నాడు ఆమెను అక్కడికి తీసుకెళ్ళారు. దిమ్మ లోపలిదాకా చల్లారక ముందే పూడ్చారేమో, చిన్న చినుకు పడితే మట్టిలోంచి పొగలు లేచాయి. ఆమె కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది. జ్వరం వచ్చిన ఒంటిమీద చెయ్యి వేసినట్టుంది. అయిదారు రోజులపాటు ఆ నేల అలాగే ఉంది. చలికి ఎక్కడెక్కడి కుక్కలో వచ్చి అక్కడ ముడుచుకుని పడుకునేవి. ఆమె తోలలేదు. తర్వాతొక రోజు పొద్దున్నే చెయ్యి పెడితే మామూలు మట్టి. ఏడుపు అప్పుడు వచ్చింది.

భర్త పోయినందుకు కంపెనీ ఆమెకు రంగు డబ్బా, కుంచె ఇచ్చింది. పనిలో చేరిన మొదటి రోజున లారీలకు ఎక్కుతున్న కడ్డీల కట్టల మీద నంబరు చీటీలు చదువుకుంటూ వెళ్ళి ఒకచోట ఆగిపోయింది. అది భర్త పడిన ఆ లాడిల్ నంబరే. పన్నెండులో ఒకటి మట్టిలోకి పోతే మిగతా పదకొండూ రోలింగుకు వెళ్ళాయి, కడ్డీలయ్యాయి. లారీ గేటు దాటి ఊళ్ళోకే వెళ్ళింది. కొట్లోకి, కొట్లోంచి ఇళ్ళలోకి. ఆ ఏడు ఊళ్ళో ఎన్ని కిటికీలకు ఊచలు బిగించారో, ఎంతమంది వాటిని పట్టుకుని వీధిలోకి చూశారో ఆమెకేం తెలుసు? పని నుంచి ఇంటికి నడిచేటప్పుడు కిటికీలవైపు చూడకుండా నడవడం నేర్చుకుంది. ఎవరింట్లోనైనా ఊచ మీద తడిగుడ్డ ఆరేసి కనిపిస్తే అడుగు వేగం పెంచేది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. ఒక్క దిమ్మను ఆపడానికి వాళ్ళెంత తెగించారో ఆమెకు తెలుసు. మిగతా పదకొండు ఏవీ అని ఏ నోటితో అడుగుతుంది?

మిల్లు ఉన్నన్నాళ్ళూ రంగు డబ్బా చేతిలో ఉండేది కాబట్టి యార్డులో ఏ మూలకు వెళ్ళినా అడిగేవాళ్ళు లేరు. రోజుకొకసారి గోడ దగ్గరకు వెళ్ళేది. మాట్లాడేది కాదు. అన్నం తిన్నాక కాసేపు నిలబడేది, అంతే.

తర్వాత మిల్లు చెడింది. బయటి ఉక్కు చవకైంది, అప్పులు పెరిగాయి, ఒక కొలిమి ఆరింది, రెండోదీ ఆరింది. చివరికి బాకీ కట్టలేదని కరెంటు తీసేసినప్పుడు మూడో కొలిమిలో ఉక్కు కరిగి సిద్ధంగా ఉంది. వంచేవాడు లేక అక్కడే గడ్డకట్టింది. గేటుకు సీలు పడింది. ఇళ్ళలో గడియారాలు ఉండి కూడా జనం చాలాకాలం ఏ పనికి ఎప్పుడు లేవాలో తెలియక తడబడ్డారు. తొమ్మిదేళ్ళు ఆమె గోడ బయటినుంచి నడిచింది. లోపల పిచ్చిమొక్కలు గోడను మించి పెరగడం చూసింది.

తుక్కు కాంట్రాక్టరు కొన్నాక గేటు మళ్ళీ తెరిచారు. పాత చేతులు కావాలన్నారు. ఆకాశానికి క్రేను దొరికింది. "వదినా, నంబర్లు వేసేవాళ్ళు కూడా కావాలట," అని అతనే కబురు తెచ్చాడు. పాత పద్ధతే: తెల్లరంగు నంబరు లేని ముక్కను గేటు దగ్గర వాచ్‌మన్ బయటికి పోనివ్వడు. ఆమె మర్నాడే చేరింది. కాంట్రాక్టులో ఉన్న మాట అప్పటికే ఆమె చెవిన పడింది. భూమి పైనా, భూమి కిందా ఎక్కడ ఇనుమున్నా తీసుకుపోవచ్చు. తీసినదంతా మళ్ళీ ఎక్కడో ఒక కొలిమికి పోతుంది.

భర్త ఇంకోసారి కరగకూడదు. ఆమెకు కావలసింది అదొక్కటే. గోడ కిందనుంచి అతన్ని బయటికి తెచ్చి ఊరి శ్మశానంలో పెట్టుకుంటే, ఎవరి గేటూ దాటకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూడొచ్చు.

తుక్కు పని చూసే సూపర్‌వైజరు కుర్రవాడేమీ కాదు, కానీ ఉక్కు మనిషి కాదు. అంతకుముందు చక్కెర మిల్లు కూల్చి వచ్చాడు. విషయం విని నోరు తెరిచాడు.

"అంటే... ఆ దిమ్మలో..."

"మా ఆయన," అంది నంబరమ్మ.

"మీరేమో ఇంత మామూలుగా చెప్తారు! నాకు ఒళ్ళంతా ఎలాగో అయిపోతోంది," అంటూ ఫోను తీసి పక్కకు వెళ్ళాడు. తిరిగి వచ్చి, "కాంట్రాక్టరు గారు ఒప్పుకున్నారు. ఒక దిమ్మ. నంబరు వెయ్యండి, శ్మశానం దాకా మన లారీయే దింపుతుంది," అన్నాడు.

శ్మశానం కాపరితో మాట్లాడి చోటు అనుకుంది. ఎండ బాగా ఎక్కకముందే పని అయిపోవాలని పొద్దున్నే మొదలుపెట్టారు. తవ్వే బండి మట్టి తీస్తుంటే ఆకాశం క్రేను పక్కన నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. కాసేపటికి ఇనుముకు ఇనుము తగిలిన చప్పుడైంది. నంబరమ్మ గొయ్యిలోకి దిగి తీగల బ్రష్షుతో మట్టి రుద్దింది. తుప్పు పట్టి చెట్టు బెరడులా ఉంది. చెయ్యి ఆనించి నిలబడింది.

"ఇక బెల్టు వెయ్యొచ్చా?" అని పైనుంచి సూపర్‌వైజరు.

బెల్టుకు చోటు కోసం బండి పక్కన ఇంకో తొట్టెడు మట్టి తీసింది. మళ్ళీ అదే చప్పుడు. ఇంకో దిమ్మ. దాని వెనకాల, కాస్త ఒరిగి, మూడోది.

సూపర్‌వైజరు వంగి చూసి, "ఇదేంటమ్మా, ఒకటన్నారు?" అన్నాడు.

నంబరమ్మ మూడింటి తలలూ రుద్దింది. నంబరు కొట్టే చోట వేలు పెట్టి తడిమింది. మొదటిదాని తల నున్నగా ఉంది. రెండోదాని తల నున్నగా ఉంది. మూడోదీ అంతే. ఆమె గొయ్యి అంచుకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"నంబరు లేదు ఆకాశం. దేనికీ లేదు."

ఆకాశానికి అంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు. నంబరు కొట్టని దిమ్మను మిల్లు ఒకే ఒక్క కారణానికి దాచుకుంటుంది.

"అన్నయ్య కోసం తవ్వినప్పుడు..." అన్నాడు ఆకాశం. "గడ్డపార దేనికో తగిలింది వదినా. పెద్ద మేస్త్రి చూసి, రెండు మూరలు ఇటు జరగండిరా అన్నాడు. పాత పునాది అనుకున్నాం. ఎటు జరిగామో ఇప్పుడు గుర్తు లేదు."

చివరిదానికి నంబరు కొట్టొద్దని మేస్త్రి అన్నప్పుడు సుత్తి మనిషి ఎందుకు అడగలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. అది వాళ్ళకు కొత్త కాదు. ఆ మేస్త్రి పోయాడు, సుత్తి మనిషీ పోయాడు. మిగతా ఇద్దరూ ఎవరని అడగడానికి ఎవరూ మిగల్లేదు.

ఇలాంటి కబురు ఆ ఊళ్ళో ఎంతోసేపు ఆగదు. భోజనాల వేళకు గ్యాసు కటింగు వాళ్ళు బయటికి వెళ్ళి వచ్చారు. వాళ్ళ వెనకే టైలరు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది, చెవి మీద సుద్దముక్క. ఊరందరికీ తెలిసిన మనిషి. ఊరందరికీ తెలిసిన కథ కూడా. అతని తండ్రి కాంట్రాక్టు కూలీగా లాడిల్ అంచులకు పట్టిన మడ్డి గీకేవాడు. టైలరు నిక్కర్లు వేసుకునే రోజుల్లో ఒకనాడు పనికి వెళ్ళి తిరిగి రాలేదు. గేటు వాళ్ళు, షిఫ్టు దిగి బయటికి వెళ్ళడం చూశామన్నారు. ఎవరినో వెంటబెట్టుకుని లేచిపోయాడని ఊరు తేల్చేసింది. ఇన్నేళ్ళయినా పండక్కో పెళ్ళికో బట్టలు కుట్టించుకునేవాళ్ళు, "మీ నాన్నకు కూడా ఒక జత కుట్టి ఉంచు, ఎప్పుడొస్తాడో!" అని నవ్వేవారు. అతనూ నవ్వేవాడు. గిరాకీ కదా.

గొయ్యి అంచున నిలబడి చూశాడు.

"అక్కా, ఇందులో మా నాన్న ఉన్నాడా?"

"తెలీదు నాయనా."

"మా అమ్మ పోయేదాకా తిట్టింది అక్కా. అన్నం ముందు కూర్చుంటే చాలు, ముందు ఆయన్ని తిట్టి తర్వాత ముద్ద కలిపేది. వాడికి పురుగులు పడ, వాడి కాళ్ళు పడిపోను అని." ఆగాడు. "అన్ని తిట్లూ ఇక్కడికొచ్చి పడ్డాయేమో."

"మీ నాన్నేనని రుజువేంటండీ?" అన్నాడు సూపర్‌వైజరు, మెత్తగానే.

"రుజువుంటే ఇంతకాలం లేచిపోయినవాడి కొడుకుగా ఎందుకు బతుకుతాను సార్?"

గొయ్యిలోకి దిగాడు. ఏం చెయ్యాలో తోచలేదు కాబోలు, మెడలోని టేపు తీసి మధ్య దిమ్మకు చుట్టాడు. చుట్టుకొలత చూశాడు. పొడవు చూశాడు.

"ఎందుకయ్యా?" అంది నంబరమ్మ.

"తెలీదక్కా. చేతులు ఊరుకోవడం లేదు."

సూపర్‌వైజరు వాచీ చూసుకున్నాడు. "అమ్మా, నాకు చెప్పింది ఒక దిమ్మ. ఏదో మీరు తేల్చండి. దాని మీద నంబరు వెయ్యండి. మిగతా రెండూ తుక్కు లారీకి ఎక్కించాలి. అవి బోలెడు బరువు, వదిలేస్తే నా ఉద్యోగం పోతుంది."

ఆకాశం గొయ్యి దగ్గరకు వచ్చి వంగాడు. గొంతు తగ్గించాడు. "ఏదో ఒకటి చూపించు వదినా. నేను ఎత్తేస్తాను. ఇదే అన్నయ్య అని మనసులో అనుకుంటే, అదే అన్నయ్య."

ఆమె కుంచె రంగులో ముంచింది. మూడింటి ముందూ నిలబడింది. ఒక్కోదాని మీద చెయ్యి పెట్టి చూసింది. మూడూ చల్లగానే ఉన్నాయి. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి. చీకట్లో దగ్గు విని గుర్తుపట్టేది. ఇప్పుడు పట్టపగలు, అరచెయ్యి దూరంలో, గుర్తుపట్టలేకపోయింది. కుంచె కొసనుంచి రంగు బొట్లు బొట్లుగా మట్టిలో పడుతోంది.

"అనుకుంటే సరిపోతుందా?" అంది చివరికి. "ఇదే అనుకుని ఇతని నాన్నను తీసుకుపోయి నేను పూలు పెట్టుకోవాలా? మీ అన్నను నీ చేతులతోనే లారీకెక్కించి కొలిమికి పంపుతావా? ఒకసారి చూశావు. చాల్లేదా?"

ఆకాశం దెబ్బ తిన్నవాడిలా వెనక్కి జరిగాడు. ఆమె అంతటి మాట అతన్ని ఎప్పుడూ అనలేదు. అన్నాక తనూ తలదించుకుంది.

"మూడూ ఇచ్చెయ్యి బాబూ," అంది సూపర్‌వైజరుతో. "మూడూ మావాళ్ళే."

"ఎలా ఇస్తానమ్మా? ఒకటే అన్నారు. మళ్ళీ ఫోను చేస్తే ఆ ఒక్కటీ వద్దంటారు."

"అయితే దేనికీ వెయ్యను." డబ్బా మూత పెట్టి నొక్కింది. "నంబరు లేకుండా ఉంచడానికే కదా ఇక్కడ పెట్టారు. ఆ మాట నేనెందుకు తప్పాలి?"

"మీరు వెయ్యకపోతే నేనే వేస్తాను."

"వేసుకో."

అతను నిజంగానే గొయ్యిలోకి దిగాడు. మూత ఊడదీశాడు, కుంచె ముంచాడు, మధ్య దిమ్మ ముందుకు వెళ్ళాడు. టైలరు అక్కడినుంచి కదల్లేదు. అడ్డంగా నిలబడనూ లేదు. టేపు చుట్ట చేతిలో పట్టుకుని ఉత్తినే చూస్తున్నాడు. సూపర్‌వైజరు చెయ్యి ఎత్తాడు.

"ఏ నంబరు?" అన్నాడు.

పైన తవ్వే బండి ఇంజను ఎవరో ఆపారు. కొలిమి షెడ్డు రేకుల కింద గాలి తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఎవరో పళ్ళ సందునుంచి సన్నగా ఊదుతున్నట్టుంది. నంబరమ్మ తల తిప్పి ఆ వైపు చూసింది. ఆకాశం కూడా అటే చూశాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

సూపర్‌వైజరు కుంచెను డబ్బాలో పెట్టేశాడు. "నాకూ ఇంట్లో పెళ్ళాం పిల్లలున్నారమ్మా," అన్నాడు, తనను తాను తిట్టుకుంటున్నట్టు. పైకి ఎక్కి ఫోను చేశాడు. "సార్, ఇక్కడ దిమ్మ గిమ్మ ఏం లేదండి. పాత పునాది. అవునండి... లేదండి, లేవదు. క్రేనుకు కూడా లేవదు. వదిలేద్దామండి." అలా చెప్తున్నంతసేపూ అతని వీపు క్రేను చక్రానికి ఆనుకుని ఉంది.

మట్టి కప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. శ్మశానంలో అనుకున్న చోటు వద్దని కాపరికి చెప్పి వచ్చింది నంబరమ్మ. దారిలో ఆకాశం రెండు టీలు తెప్పించాడు. ఒకటి ఆమె చేతికిచ్చి, "పైనుంచి టోపీ ఒక్కటే కనిపించింది వదినా," అన్నాడు. ఆమె సరేనన్నట్టు తలాడించి టీ తాగింది.

మిల్లు ఖాళీ అయ్యాక స్థలాన్ని గోదాముల వాళ్ళు కొన్నారు. గోడ దాకా చదును చేసి కాంక్రీటు పోశారు. ఇప్పుడు లోపలికి వెళ్ళాలంటే ఫొటో ఉన్న కార్డు మెడలో వేసుకోవాలి. నంబరమ్మకు కార్డు ఇవ్వరు, అక్కడ ఆమెకు పని లేదు. టైలరుకు ఉంది. కాపలావాళ్ళ యూనిఫారాలు కుట్టే పని అతను తక్కువకు మాట్లాడుకుని మరీ తెచ్చుకున్నాడు. కొలతలకని నెలకోసారి లోపలికి వెళ్తాడు. గోడ వైపు చివరిదాకా నడిచి వస్తాడు. తిరిగి వెళ్ళేటప్పుడు ఆమె ఇంటి ముందు సైకిలు ఆపుతాడు.

"ఈసారి అక్కడేం పెట్టారు?" అని అడుగుతుంది ఆమె.

"వాషింగ్ మెషీన్ల డబ్బాలక్కా. కిందటి నెల ఫ్యాన్లు."